అమ్మ విప్పిన వరస

మా ఇంటి సంగతులు రాయమంటే నేను మా అమ్మతోనే మొదలుపెడతాను. గొప్పలు చెప్పుకుంటోందని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి. ఆవిడ గురించి గొప్పలు చెప్పుకోకపోతే నాకు అన్నం అరగదు.

బారువ రేవులో స్టీమర్లు ఆగే రోజులవి. స్టీమరు ఒడ్డుదాకా రాదు కదా, కెరటాల అవతల లంగరు వేసుకుని నిలబడేది. రంగూను వెళ్ళే జనాన్నీ, ఉద్దానం కొబ్బరికాయల బస్తాలనీ అక్కడిదాకా చేర్చేవి కుట్టు పడవలు. ఆ పడవలో ఒక్క మేకు ఉండదు. మేకులు కొట్టి బిగించిన పడవని మా కెరటం ఒక్క దెబ్బకి బద్దలు కొట్టేస్తుంది. అందుకని పలకల అంచుల పొడవునా చిల్లులు పెట్టి, రెండు పలకల సందు మీద ఎండుగడ్డి చుట్ట పరిచి, దాని మీదుగా కొబ్బరినార తాడుతో బట్ట కుట్టినట్టు కుట్టేవారు. కెరటం కొడితే పడవ కాస్త ఒళ్ళు వంచి మళ్ళీ సర్దుకునేది. మా అయ్య ఆ పడవలు కుట్టేవాడు.

పడవ కుట్టడం ఒక్కరివల్ల అయ్యే పని కాదు. ఒకరు లోపల కూర్చోవాలి, ఒకరు బయట. నడుమ పలక అడ్డం, ఒకరికొకరు కనిపించరు. లోపలివారు చిల్లులోంచి తాడు బయటికి తోసి "లాగు" అని కేక వేస్తారు. బయటివారు గట్టిగా లాగి, పట్టుకుని "లాగినాను" అంటారు. ఆ మాట వినపడ్డాకే లోపలివారు తరవాతి చిల్లుకి వెళ్ళాలి. ఈ కేకలో, ఆ జవాబులో ఏది తప్పినా కుట్టు వదులవుతుంది. మా అయ్య బయటా, అయ్య తమ్ముడు, అంటే మా చిన్నాన్న, లోపలా కూర్చుని కుట్టేవారు. ఇద్దరి గొంతులూ మా పేట చివరిదాకా వినపడేవి.

ఒకసారి అయ్య ఎండుచేపలు అమ్ముకోవడానికి టెక్కలి వెళ్ళాడు. సంతలో ఒక బోధకుడు మాట్లాడుతుంటే నిలబడి విన్నాడు. విన్నవాడు ఊరుకున్నాడా? మళ్ళీ సంతకి మళ్ళీ వెళ్ళాడు. చేపలు అమ్ముడైపోయినా ఇంటికి రాడు. కొన్నాళ్ళకి అమ్మనీ నన్నూ కూడా తీసుకెళ్ళి, ముగ్గురం బాప్తిస్మం పుచ్చుకున్నాం. చిన్నాన్న పుచ్చుకోలేదు. "నీ దారి నీది, నా దారి నాదన్నా, పని మాత్రం కలిసి సేసుకుందాం" అన్నాడు. అలాగే చేసుకున్నారు కూడా, పెద్ద పడవ పని వచ్చేదాకా.

ఆ పడవ రేవులో పేరున్న షావుకారుది. కొత్త పడవకి మొదటి కుట్టు వేసేముందు పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కోడిని కోసి ముందు పలకకి రక్తం పూయడం ఆనవాయితీ. అది కుట్టేవాడే తన చేత్తో చెయ్యాలి. బాప్తిస్మం పుచ్చుకున్నాక అప్పటిదాకా వచ్చింది పాత పడవలు విప్పి కుట్టే పనే కాబట్టి అయ్యకి ఆ ఇరకాటం రాలేదు. ఇప్పుడు వచ్చింది. అయ్య షావుకారు ముందు చేతులు కట్టుకుని చెప్పేశాడు.

"నా సేత్తో నాను సెయ్యలేను బాబూ. పడవ మీది, మీ కొబ్బరికాయి మీరు కొట్టుకోండి, నాను కాదన్ను. నా సెయ్యి మాత్రం ఒక్కడికే ఇచ్చేసినాను."

షావుకారు చెడ్డవాడు కాడు. కాసేపు ఆలోచించి అన్నాడు. "అలాగైతే పడవ దింపిననాడు మొదట ఎక్కేది నువ్వూ, నీ పెళ్ళామూ, నీ గుంటా. స్టీమరు దాకా ఎల్లి, పడవలోకి నీరెక్కకండా తిరిగి రండి. వత్తే పుచ్చుకుంతాను. నేదా, ఈ రేవులో మరో పడవ నీ సేతికి ఎవులూ ఇవ్వరు. ముహూర్తం నాను పెట్టిస్తాను, ఆ గడియ దాటకూడదు."

గుంటంటే నేనే. అయ్య సరే అన్నాడు. చిన్నాన్న మాత్రం అక్కడే భుజం మీది తాడుచుట్ట కింద పడేశాడు. "ఆనవాయితీ నేకండా మొదలెట్టిన పడవ మీద నాను సెయ్యెయ్యను. నా పిల్లలు ఈ సముద్రం మీద బతకాల" అని వెళ్ళిపోయాడు.

ఇంక లోపల కూర్చునేది ఎవరు? ఆ సాయంత్రం అయ్య తల పట్టుకుని కూర్చుంటే అమ్మ అంది, "నానున్నాను గదా మావా."

అమ్మ పుట్టిల్లు ఉద్దానంలో, కొబ్బరితోటల మధ్య. పీచు నానబెట్టడం, దంచడం, తాడు పేనడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. సముద్రమంటే మాత్రం హడలు. పెళ్ళయి అన్నాళ్ళయినా చీలమండ దాటి నీళ్ళలోకి దిగలేదు. పైగా ఆడది పడవ కుట్టడం మా పేటలో ఎవరూ ఎరగరు. మర్నాడు అమ్మ చీర ఎగదోపుకుని పడవలోకి ఎక్కుతుంటే జనం పని మానుకుని వచ్చి చూశారు. అమ్మ ఎవరివైపూ చూడలేదు. నేను అందరివైపూ చూశాను, గుడ్లు ఉరిమి మరీ.

లోపల కూర్చున్నాక అమ్మ మొదటి తాడు బయటికి తోసింది. "లాగు" అనలేదు. "స్తోత్రం!" అంది.

అయ్య బయట ఒక్క క్షణం తెల్లబోయాడు. తరవాత తాడు లాగి పట్టుకుని, "ప్రభువుకే!" అన్నాడు.

అప్పటినుంచి అదే మా పడవ కేక. కుట్టుకి ఒక స్తోత్రం, లాగుకి ఒక జవాబు. పొద్దున్నుంచి సాయంత్రం వరకూ ఎన్ని కుట్లు పడితే అన్నిసార్లు. దారిన పోయేవాళ్ళు నవ్వేవారు. "ఓలమ్మో, ఈళ్ళు పడవ కుడతన్నారా, దేవుణ్ణి పిలుత్తన్నారా?" అని ఒకావిడ అడిగితే, "రెండూనమ్మా, ఒక కూలికే" అంది అమ్మ లోపల్నుంచి. నేను గడ్డి చుట్టలు అందిస్తూ, తాళ్ళు ఉప్పునీటిలో నానబెడుతూ ఆ కేకలు వినేదాన్ని. ఇప్పటికీ ఎక్కడైనా ఆదివారం పూట జనం నీరసంగా స్తోత్రం అంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మాట అనాలంటే చేతిలో తాడు బిగువుగా ఉండాలి.

అమ్మకి ఇంకో పట్టింపు ఉండేది. ఆ మాట అన్నప్పుడల్లా మనసు కూడా అక్కడే ఉండాలి. మనసు చెదిరితే ఆగిపోయేది. బయట అయ్య తాడు పట్టుకుని "ఏటే, పడుకున్నావేటి?" అని కసిరేవాడు. "ఉండు మావా, పొయ్యి మీద సేపల కూర గుర్తొచ్చినాది" అని, కాసేపు ఊపిరి పీల్చుకుని, అప్పుడు అనేది. నిజం చెప్పొద్దూ, నాకు విసుగ్గా ఉండేది. కుట్టుకీ కూరకీ ఏం సంబంధం అనుకునేదాన్ని.

పడవ ఒడ్డు వైపు పక్కంతా కుట్టడం అయిపోయింది. సముద్రం వైపున్న అడుగు వరస, అంటే అడుగు పలకనీ పక్క పలకనీ కలిపే కుట్టు, అప్పుడు కుడుతున్నారు. ఒకరోజు నూతి దగ్గర ఎవరో అమ్మ చెవిలో ఒక మాట వేశారు. నా తరవాత పుట్టిన మా తమ్ముడు, మేం బాప్తిస్మం పుచ్చుకున్న ఏడాదే, ఇంకా పాలు తాగే వయసులో జ్వరం తగిలి పోయాడు. ఆ సంగతి ఎత్తి చిన్నాన్న, "గంగమ్మ తల్లిని ఒగ్గేసినారు, అందుకే ఆ గుంటడు పోనాడు" అన్నాడట.

అమ్మ బిందె దింపింది. తిన్నగా వచ్చి పడవెక్కి కుట్టసాగింది. ఆ రోజు ఒక్కసారి కూడా ఆగలేదు. స్తోత్రం, స్తోత్రం, స్తోత్రం, రాళ్ళు విసిరినట్టు. అయ్య జవాబు చెప్పలేక రొప్పాడు. ఆ వరస మొత్తం పొద్దు గూకేలోపే అయిపోయింది. అయ్య తాడు మీద వేలితో కొట్టి చూసి మురిసిపోయాడు.

తరవాత పై వరసలన్నీ కూడా పూర్తయ్యాయి. షావుకారు మంగళవారం పొద్దున్నకి ముహూర్తం పెట్టించాడు. దానికి ముందొచ్చే ఆదివారం మా కొబ్బరాకుల ప్రార్థన పాకలో ప్రభువు బల్ల. టెక్కలినుంచి బోధకుడు వచ్చాడు. రొట్టె పళ్ళెం ఆడవాళ్ళ వైపు వచ్చింది. అమ్మ దాన్ని అందుకుంది, ఒక ముక్క తీసుకోబోయి ఆగింది, పక్కావిడకి అందించేసింది. అవతలి వరసలోంచి అయ్య చూశాడు. నేనూ చూశాను. మాలో బల్ల వదిలేయడమంటే చిన్న సంగతి కాదు. మనసులో ఎవరిమీదో పగ ఉందని నలుగురిలో ఒప్పుకోవడం.

ప్రార్థన అవగానే అమ్మ నా చెయ్యి పట్టుకుని ఇంటివైపు కాక ఇంకోవైపు నడిచింది. చిన్నాన్న ఇంటి ముందు ఆగింది. చిన్నాన్న గుమ్మంలో కూర్చుని అన్నం తింటున్నాడు. మమ్మల్ని చూసి కంగారుగా చెయ్యి కడుక్కోబోయాడు.

"తిను నాయినా, ఒక్క మాట సెప్పి ఎలిపోతాను" అంది అమ్మ. "నీ మీద కోపం పెట్టుకున్నాను. నోటితో స్తోత్రం అంటా, మనసులో నీకు శాపాలు పెట్టినాను. నీ పిల్లలకీ అలాగే అవ్వాలని అనుకున్నాను. తప్పయిపోనాది. నన్ను మన్నించు."

చిన్నాన్న చేతిలో ముద్ద పళ్ళెంలో పడింది. "నానన్న మాట నీకెవులు సెప్పినారు వొదినా?"

"ఎవులు సెప్తే ఏటి? నువ్వన్నది నువ్వు సూసుకో. నాననుకున్నది సెప్పడానికి నానొచ్చినాను."

అంతే. వెనక్కి తిరిగింది. నాకు కడుపు మండిపోయింది. దారిలో, "ఆడు గదమ్మా మనకి తప్పు ఒప్పుకోవాల?" అన్నాను. "సిన్నాన్నని ఆడూ ఈడూ అంతావేటే?" అని నెత్తిన ఒకటి మొట్టింది. చిన్నాన్న తప్పు ఒప్పుకోవలసిందని నేను ఈనాటికీ అంటాను. అమ్మ మనసు నాకు రాలేదు, దానికి నేనేం చెయ్యను.

సోమవారం తెల్లవారగానే అమ్మ కత్తి తీసుకుని పడవెక్కింది. అయ్య పరుగెత్తుకొచ్చేసరికి అడుగు వరసలో మొదటి కుట్లు తెగి కింద పడి ఉన్నాయి.

"మతి పోనాదేటే నీకు? రేపు ముహూర్తం!"

"మనకి ముహూర్తాలు నేవు గదా మావా."

"మనకి నేవు, సావుకారికి ఉన్నాయి!" అయ్య తెగని తాడుని పట్టుకుని గుంజాడు. ఇనప చువ్వలా ఉంది. "సూడు! ఎక్కడైనా వొదులున్నాదేటి? నువ్వు కుట్టిన వరసలన్నిటికన్నా ఇదే బిగువు. ఏడాది తిరిగితే ఎలాగూ ఇప్పి కుట్టీదే. ఈలోగా నీకేటి తొందర?"

"తాడు బిగువుగానే ఉన్నాది. కోపంతో లాగితే తాడుకేటి, బాగానే బిగుస్తాది" అంది అమ్మ. "వరసంతా ప్రభువు పేరెట్టి నీ తమ్ముణ్ణి తిట్టినాను మావా. కోడిని కొయ్యమంటే నీ సెయ్యి ఒక్కడికే ఇచ్చేసినానన్నావు. మరి నా నోరో? నాను సగం ఇచ్చి సగం దాసుకుంతే సరిపోతాదేటి? ఇది అలాగుంచి నాను ఈ పడవెక్కను."

అయ్య కుట్టుసూది ఇసకలో విసిరికొట్టి దూరంగా పోయి సముద్రంవైపు తిరిగి కూర్చున్నాడు. పడవ ముహూర్తానికి సిద్ధం కాకపోతే ఏమవుతుందో ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. రేవులో ఇంక పని ఉండదు. ఏ వలసో పోవాలి. అమ్మకి తెలియదా? తెలిసే కోస్తోంది. కోసినకొద్దీ ఏడుస్తోంది, ఏడుస్తూ కోస్తోంది. వరసలో ఎక్కడా ఒక్క లోపం కనిపించలేదు. ఆ కుట్టుకి ఏ జబ్బూ లేదు. ఆ పడవ అలాగే సముద్రంలోకి వెళ్ళినా నిక్షేపంగా తిరిగి వచ్చేది. ఈ మాట నేను ఎప్పుడూ దాచను, దాచితే అమ్మ చేసిన దానికి విలువే ఉండదు.

చివరి కుట్టు తెగాక అయ్య లేచి వచ్చాడు. బయట కూర్చుని సూది దులుపుకున్నాడు. కాని పై వరసలు ఉండగా అడుగు వరస కుట్టాలంటే పలకని ఒకరు భుజంతో ఎత్తిపట్టాలి. అయ్య పలక ఎత్తితే తాడు లాగలేడు, తాడు లాగితే పలక జారుతోంది. నేను భుజం పెట్టాను, పలక కదల్లేదు. ఎండెక్కేసరికి వరసలో మూరెడు కూడా కాలేదు.

అప్పుడు ఇసకలో అడుగుల చప్పుడైంది. చిన్నాన్న. నడుముకి తువ్వాలు బిగించుకుని ఉన్నాడు. వస్తూనే అయ్య చేతిలో తాడు లాక్కున్నాడు.

"నువ్వు పలక పట్టన్నా. నాను లాగుతాను."

"ఈ పడవ మీద సెయ్యెయ్యనన్నావు గదా?" అన్నాడు అయ్య. మా వంశంలో ఎవరికీ నోరు ఊరుకోదు.

"పడవ మొదలెట్టడానికి రానన్నాను. తెగిపోనాది కుట్టడానికి రానన్నేదు" అన్నాడు చిన్నాన్న.

లోపల అమ్మ అంతా విన్నది. చాలాసేపు తాడు బయటికి రాలేదు. మనసు కుదుర్చుకుంటోందని నాకు అర్థమైంది. తరవాత తాడు వచ్చింది, దాని వెనక కేక వచ్చింది. "స్తోత్రం!"

చిన్నాన్న అయ్యవైపు చూశాడు. అయ్య పలక కింద భుజం పెట్టి పళ్ళు బిగించి ఉన్నాడు. చిన్నాన్న తాడు లాగి, కాలు పలకకి తన్నిపట్టి, పడవ పనిలో పాత జవాబే చెప్పాడు. "లాగినాను వొదినా!"

ఆ రోజంతా అలాగే సాగింది. స్తోత్రం, లాగినాను వొదినా. స్తోత్రం, లాగినాను వొదినా. దీపాలు పెట్టే వేళకి వరస పూర్తయింది. పోయిన మా తమ్ముడి మాట ఎవరూ ఎత్తలేదు. వెళ్ళిపోయే ముందు చిన్నాన్న నా తల మీద చెయ్యి వేయబోయాడు. నేను తప్పుకున్నాను. ఆయన ఏమీ అనుకోలేదు.

మంగళవారం పొద్దున్న రేవంతా జనమే. షావుకారు తన చేత్తో తన కొబ్బరికాయ కొట్టుకున్నాడు. అయ్య తన పడవ ముందు మోకాళ్ళూని ప్రార్థన చేసుకున్నాడు. తెడ్లు వేయడానికి ప్రార్థన పాకలో మాతో కూర్చునే మగవాళ్ళు వచ్చారు. వెనక తెడ్డు పట్టి దారి చూపేవాడే లేడు. ఆ పనిలో మా రేవులో చిన్నాన్నని మించినవాడు లేడు. ఆయన జనంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అయ్యే వెనక తెడ్డు పట్టుకున్నాడు. అయ్యకి పడవ కుట్టడం వచ్చినంత బాగా నడపడం రాదు. అది అందరికీ తెలుసు.

అమ్మ నన్ను ఒళ్ళోకి లాక్కుని అడుగున కూర్చుంది. చీలమండ దాటి నీళ్ళలోకి దిగని మనిషి. ఆవిడ గుండె నా వీపుకి కొట్టుకుంటోంది. పడవని తోశారు. మొదటి కెరటం దూరంగా లేవడం చూశాను. ఇంతలో ఎవరో నీళ్ళలో దబదబ పరుగెత్తుకొచ్చి, పడవ అంచు పట్టుకుని పైకి దూకారు. చిన్నాన్న. అయ్యని పక్కకి నెట్టి వెనక తెడ్డు లాక్కున్నాడు.

"నా పిల్లలు ఈ సముద్రం మీద బతకాలన్నాను. ఈ గుంట మాత్రం నా పిల్ల కాదేటి?" అని అరిచాడు. ఎవరిని కసిరాడో తెలియదు, నన్నే అనుకుంటాను.

కెరటం పడవని నిలువునా ఎత్తింది. పలకలు మూలిగాయి, కుట్లు కిర్రుమన్నాయి. అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, ఉన్న బలమంతా పెట్టి "స్తోత్రం!" అని కేక వేసింది. వెనకనుంచి, తెడ్డు మీద ఒళ్ళంతా వేసి, "లాగినాను వొదినా!" అని వచ్చింది జవాబు. పడవ ఒళ్ళు వంచింది, సర్దుకుంది, అవతల పడింది.

స్టీమరు చుట్టూ తిరిగి వచ్చేసరికి పడవ అడుగున చెమ్మ తప్ప నీరు లేదు. షావుకారు వంగి అడుగు వరస పొడవునా అరచెయ్యి రాసి చూసుకున్నాడు. చెయ్యి తుడుచుకుని, "వచ్చే నెల ఇంకో పడవ మొదలెట్టు" అన్నాడు. అమ్మ అప్పటికి ఒడ్డున కూర్చుని కడుపులో ఉన్నదంతా కక్కేస్తోంది. కక్కడం అయ్యాక కొంగుతో మూతి తుడుచుకుని, తల ఎత్తి జనంవైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది. అంత దర్జాగా కక్కిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. మరుసటి బల్ల నాడు రొట్టె తీసుకుంది.

రెండో పడవ మొదలుపెట్టిన పొద్దున్న, ఎవరూ పిలవకుండానే చిన్నాన్న తాడుచుట్ట భుజాన వేసుకుని వచ్చాడు. ఆయన చివరిదాకా బాప్తిస్మం పుచ్చుకోలేదు. మా తమ్ముడి గురించి అన్న మాటకి తప్పు ఒప్పుకోనూ లేదు. అయ్య ఆయన్ని ఎగాదిగా చూసి, "ఇక్కడ కొబ్బరికాయి కొట్టడం నేదు. తెలుసు గదా?" అన్నాడు.

"నా కాయి నాను ఇంటికాడ కొట్టుకొచ్చినాను" అన్నాడు చిన్నాన్న. లోపలికి ఎక్కలేదు. బయట, అయ్య పక్కన, పలకకి ఆనుకుని కూర్చుని తాడు కోసం చెయ్యి చాచాడు. "లోపలి కుట్టు వొదినదే. పిలు, వచ్చి ఆ మాట అనమను."